మామిడితోటలో సీమంతం: పిలుపుల డైరీ

అక్టోబర్ 10, అట్లతద్ది మర్నాడు

తేదీ ఖాయమైంది. నవంబర్ 9, ఆదివారం, కార్తీక బహుళ పంచమి. చోటు, ఆగిరిపల్లి దాటాక నూజివీడు రోడ్డు పక్కన బాబాయి మామిడితోట. అప్పటికి చెల్లికి ఏడో నెల నడుస్తుంటుంది. ఏసీ హాలు, స్టేజీ మీద సింహాసనం కుర్చీ, వెనక ప్లాస్టిక్ పూల గోడ, ముందు గంటసేపు ఫొటోలు, ఇవేవీ తనకి వద్దంది. "కార్తీకమాసమే కదక్కా, ఎలాగూ వనభోజనాలకి వెళ్తాం. అక్కడే గాజులు తొడిగేయండి" అని తేల్చేసింది.

కార్తీకంలో భోజనానికి పిలవాలంటే ముందు ఎవరు ఏ రోజు తినరో చూసుకోవాలి. సోమవారాలు పగలంతా ఉపవాసముండి చుక్కని చూశాక తినేవాళ్ళు మా చుట్టాల్లో సగం మంది ఉన్నారు. అక్టోబర్ 25 నాగుల చవితి. నవంబర్ మొదట్లో ఏకాదశి, ఆ వెంటనే క్షీరాబ్ది ద్వాదశి. పౌర్ణమి నాడు 365 వత్తులు వెలిగించేదాకా అమ్మ మంచినీళ్ళు కూడా ముట్టదు. ఇవన్నీ తీసేస్తే పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారమే మిగిలింది. బహుళ పంచమి దాకా శుభకార్యాలకి ఇబ్బంది లేదని పంతులుగారు కూడా అన్నారు.

చెల్లి అత్తగారిది ఒకటే పట్టింపు. మంత్రాలతో జరిగేది ఇంట్లోనే జరగాలి. నిజమే, ఆ తంతుకి అగ్నిహోత్రం కావాలి, ఏదుపంది ముల్లు, దర్భలు, లేత మేడికాయల గుత్తి కావాలి. వాటితో భర్త పాపిట తీస్తాడు. సీమంతం అంటే అసలు అదే. అది 7వ తేదీ శుక్రవారం వాళ్ళింట్లో, రెండు వైపుల దగ్గరివాళ్ళతో. ఆదివారం తోటలో పసుపు, గంధం, గాజులు, భోజనాలు. నా పని ఆదివారం పిలుపులు.

అక్టోబర్ 12

కార్డు రాసేముందు తోట చూసి రావాలని పట్టుబట్టాను. హాలైతే పేరు చెబితే చాలు. కుర్చీలుంటాయా, బాత్రూమ్ ఎక్కడ, బండి ఎక్కడ పెట్టాలి అని ఎవరూ అడగరు. తోటకి పిలిస్తే అవన్నీ పిలుపులోనే చెప్పాలి. అందుకే నోటుపుస్తకం పట్టుకుని తిరిగాను.

గేటు దాకా కారు వస్తుంది. లోపల తూము మీంచి బస్సు వెళ్ళదు. రోడ్డు మీద దిగి కాస్త నడవాలి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఆటో పెట్టాలి. బాత్రూమ్ మోటారు షెడ్డు పక్కన ఒక్కటే ఉంది, తలుపుకి గడియ లేదు. గడియ వేయిస్తానని బాబాయి మాటిచ్చాడు. ఫోన్ సిగ్నల్ గేటు దగ్గర బాగుంది, లోపలికి వెళ్ళేకొద్దీ పోతోంది. గట్టు మీద కాయలున్న ఉసిరిచెట్టు ఒకటుంది, వనభోజనానికి అది చాలు. చెట్టు లేకపోతే కొమ్మ తెచ్చి పాతుకుంటారు, ఆ అవసరం మాకు రాలేదు.

జంపఖానాలు ఏ చెట్టు కింద వేయాలన్నది మాత్రం కష్టమైంది. నాకు నచ్చిన పెద్ద చిన్నరసం చెట్టు కింద నిలబడి తలెత్తితే, ఆకులన్నీ దగ్గరకి కలిపి తెల్లటి దారంతో కుట్టినట్టున్న గూళ్ళు కనిపించాయి. ఎర్ర చీమలు. కొమ్మ కాస్త కదిలితే చాలు, మెడ మీద పడతాయి. ఆ మాట చెబితే బాబాయి నవ్వాడు. "అవి తోటకి మంచివేనమ్మా, పురుగుల్ని తింటాయి. మందు కొట్టను, నువ్వే చెట్టు మార్చుకో." మార్చుకున్నాను. నవంబర్లో ఎండ దక్షిణం నుంచి ఏటవాలుగా పడుతుంది కాబట్టి పొద్దున నీడ పడమరకి, మధ్యాహ్నానికి ఉత్తరానికి జరుగుతుంది. గాజులు తొడిగే చోటు చెట్టుకి పడమర, బంతులు ఉత్తరం వైపు అని సున్నంతో గుర్తులు పెట్టించాను. షామియానా ఒకటి వంటల దగ్గర చాలు.

అక్టోబర్ 14

జాబితా. మనుషుల పేర్లు కాకుండా ఇళ్ళ పేర్లు రాసుకున్నాం, మన పిలుపు ఇంటికి కదా. "ఇంటిల్లిపాదీ రండి" అంటే పని చేసే అమ్మాయి, ఊరినుంచి వచ్చిన మేనల్లుడు, అందరూ లెక్కలోకొస్తారు. "మీ ఇద్దరూ రండి" అంటే వాళ్ళిద్దరే. ఎవరిని ఏ మాటతో పిలవాలో ఇంటి పేరు పక్కన రాశాం. ఆ ఒక్క ముక్క ముందే అనుకుంటే తర్వాత వంటవాళ్ళ దగ్గర గొడవ ఉండదు.

రెండు పేర్ల దగ్గర కలం ఆగింది. ఒకటి పెద్దమ్మ. పెదనాన్న పోయినప్పటినుంచి ఏ పేరంటానికీ ఎవరూ పిలవరు, పిలిచినా తనే రాదు. చెల్లిని రెండేళ్ళు పెంచింది ఆవిడ. "మొదటి గాజు పెద్దమ్మే తొడగాలి" అంది చెల్లి. అత్తగారు ఏమంటారోనని అమ్మ టెన్షన్ పడింది. ఆవిడ ఫోన్లో ఒక్క క్షణం ఆగి, "పెంచిన చెయ్యి కదా వదినగారూ, నేను పక్కనే నిలబడతాను" అన్నారు. అంతే, అక్కడితో అయిపోయింది. ఇలాంటివి కార్యం నాడు పదిమందిలో తేలకూడదు, వారాల ముందే ఫోన్లో తేలిపోవాలి.

రెండోది చెల్లి స్నేహితురాలు. పోయిన సంవత్సరం ఆ అమ్మాయికి ఆరో నెలలో బిడ్డ పోయింది. పిలవకపోతే వెలివేసినట్టు, పిలిస్తే పుండు మీద కారం చల్లినట్టు. గ్రూపులో కార్డు పెట్టే ముందే చెల్లి తనకి విడిగా రాసింది: "ఆదివారం నా సీమంతం. నువ్వుంటే నాకు బాగుంటుంది. రాలేకపోతే కారణం చెప్పక్కర్లేదు, ఆ తర్వాత వారం నేనే మీ ఇంటికొస్తా." నేను మార్చడానికేమీ లేదు.

అక్టోబర్ 19

రేపు దీపావళి. ఇవాళ కూర్చుని కార్డు రాశాం.

ముందు ఎవరి పేరు మీద పిలవాలన్న సంగతి. వేడుక ఖర్చు మాది, తోట మాది, కానీ సీమంతం అత్తవారింటిది. కాబట్టి పిలుపు అత్తగారు, మామగారి పేరు మీద. మా పేర్లు కింద. ఇందులో వాదించుకోవడానికేం లేదు.

నేను మొదట రాసింది కవిత్వంలా ఉందని చెల్లి కొట్టేసింది. చివరికి మిగిలింది ఇది:

"మా కోడలి సీమంతం వేడుక నవంబర్ 9, ఆదివారం, ఆగిరిపల్లి – నూజివీడు రోడ్డులో మా వియ్యాలవారి మామిడితోటలో. ఉదయం 10:40కి గాజులు తొడుగుతాం. తర్వాత ఉసిరిచెట్టు కింద భోజనాలు. ఇంటిల్లిపాదీ వచ్చి అమ్మాయిని దీవించండి."

పనికొచ్చే సమాచారమంతా రెండో మెసేజ్‌లో పెట్టాం. కార్డులో ఇరికిస్తే ఎవరూ చదవరు.

"తోటకొచ్చేవాళ్ళకి: బస్సు ఉదయం 8:30కి మా ఇంటి ముందు నుంచి. టిఫిన్ తోటలోనే. రోడ్డు మీద దిగాక కొంచెం నడక ఉంది, నడవలేనివాళ్ళకి ఆటో ఉంటుంది. మడమ చెప్పులు వద్దు, నేల మెత్తన. ఎర్రమట్టి, చీర అంచు జాగ్రత్త. కింద కూర్చోలేనివాళ్ళకి కుర్చీలున్నాయి. వంటలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు. తిరుగు బస్సు మూడింటికి. వాన పడితే అదే రోజు, అదే టైముకి మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో. ఏ సంగతీ శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి మెసేజ్ పెడతాం. బిడ్డకి ఏవైనా తేవాలనుకుంటే పుట్టాక తెద్దురుగాని."

ఆ చివరి వాక్యం అమ్మ పెట్టించింది. బిడ్డ పుట్టకముందు బట్టలు, ఉయ్యాల ఇంట్లోకి రాకూడదని మా వైపు పట్టింపు. చెల్లి ఆఫీసువాళ్ళు బేబీ షవర్ అనగానే డైపర్ల ప్యాకెట్లు, బొమ్మలు కొనేస్తారు. ఈ ఒక్క ముక్కతో వాళ్ళకి డబ్బు మిగిలింది, మాకు మొహమాటం తప్పింది.

లొకేషన్ గురించి ఒక మాట. తోట పేరు కొడితే మ్యాప్ పక్క చేలోకి తీసుకెళ్తోంది. కాబట్టి గేటు దగ్గర నిలబడి, మ్యాప్ మీద అక్కడే వేలు నొక్కి పట్టి పిన్ పెట్టి, దాన్ని పంపాం. దాంతోపాటు గేటు ఫొటో. పెద్దవాళ్ళకి పిన్ అర్థం కాదు, ఫొటో అర్థమవుతుంది.

అక్టోబర్ 22

ఇవాళ్టితో కార్తీకం మొదలు. కార్డు వెళ్ళింది. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపితే, మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. నా నంబరు సగం మంది పెద్దవాళ్ళ దగ్గర లేదు. అమ్మ నంబరు అందరి దగ్గరా ఉంటుంది. అందుకని అమ్మ ఫోన్ నుంచే పంపాం. దూరాన ఉన్నవాళ్ళకి అమ్మ ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టింది. "ఒరేయ్ పెద్దోడా, చెల్లెలి సీమంతంరా" అని మొదలుపెట్టి రెండు నిమిషాలు. కార్డు చూసి బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నవాళ్ళు కూడా ఆ మాట విని ఫోన్ చేశారు.

అక్టోబర్ 29

మొంథా తుఫాను నిన్న రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. బెజవాడలో వాన, గాలి. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, "ఇంకా తోటలోనేనా?" అని. అక్టోబర్, నవంబర్ అంటే మన కోస్తాకి తుఫాన్ల నెలలు. వాన పడితే ఎక్కడన్నది ముందే రాసి ఉండబట్టి, "రెండో మెసేజ్ చూడండి పిన్నీ" అని ఒక్క ముక్కలో తేలిపోయింది. బాబాయి కబురు: తోటలో నీళ్ళు నిలిచాయి, రెండు కొమ్మలు విరిగాయి, మనం గుర్తుపెట్టిన చెట్టు బాగానే ఉంది. సున్నం గీతలు మాత్రం కొట్టుకుపోయాయి.

అక్టోబర్ 31

బొట్టు పిలుపులు మొదలయ్యాయి. కార్డు అందరికీ వెళ్ళింది కదా, మళ్ళీ ఎందుకు అని మరిది అడిగాడు. కార్డుతో తెలుస్తుంది, అంతే. మా వాళ్ళలో బొట్టు పెట్టకపోతే పిలిచినట్టు కాదు. "వాట్సాప్‌లో చూశాం" అని నవ్వుతూ అంటారు, రారు.

ఊళ్ళో ఉన్న ముఖ్యమైన ఇళ్ళకి నేనూ అమ్మా వెళ్ళాం. మంగళవారం తప్ప, రాహుకాలం తప్ప. కుంకుమ భరిణె, అక్షింతలు. పాత ఇంటి పక్కన మామ్మగారు తలుపు తీసి మమ్మల్ని చూడగానే "ఒక్క నిమిషం" అని లోపలికెళ్ళింది. ఇస్త్రీ చీర మార్చుకుని, తల దువ్వుకుని, తూర్పుకి తిరిగి కుర్చీలో కూర్చుని, అప్పుడు "ఊఁ, పెట్టు" అంది. అమ్మ బొట్టు పెట్టి, "అత్తయ్యగారూ, ఆదివారం పొద్దున బస్సు పంపుతున్నాం, ఆ పూట మీ ఇంట్లో పొయ్యి వెలిగించొద్దు" అంది. మామ్మగారు నన్ను చూసి, "తోటలో పీట వేస్తారా, కుర్చీ వేస్తారా?" అని అడిగింది. కుర్చీ అన్నాను. "బాత్రూమో?" చెప్పాను. "గడియ ఉందా?" ఉందన్నాను. "అయితే వస్తా." కార్డులో ఏం రాయాలో ఆవిడ్ని అడిగితే సరిపోయేది, నేను నోటుపుస్తకం పట్టుకుని తోటంతా తిరగక్కర్లేదు.

నవంబర్ 3

ఇప్పుడు లెక్క. వంట మాస్టర్ కిలో బియ్యానికి ఎనిమిది మందిని వేస్తాడు, మనుషులు ఎంతమందో ఆయనకి గురువారంలోగా చెప్పాలి. హాలుకైతే పాతిక మంది ఎక్కువొచ్చినా పక్క హోటల్ నుంచి తెప్పించుకోవచ్చు. తోట చుట్టుపక్కల టీ కొట్టు కూడా లేదు.

"వస్తున్నారా?" అని మనం అడగలేం. పిలిచాక ఆ ప్రశ్న వేస్తే రావద్దన్నట్టు ఉంటుంది. అడిగినా "రాకపోతే ఎలా, తప్పకుండా వస్తాం" అంటారు. ఆ మాటకి లెక్కలో విలువ సున్నా. చెల్లి ఆఫీసు స్నేహితులు ఫోన్లో పోల్ పెట్టమన్నారు. వాళ్ళవరకు పెట్టాం, పనిచేసింది. పెద్దవాళ్ళ గ్రూపులో పోల్ పెడితే అన్నీ నొక్కేస్తారు.

అందుకే రెండు వేరే ప్రశ్నలు అడిగాం. మొదటిది: "బస్సులో మీకు ఎన్ని సీట్లు ఉంచమంటారు, లేక మీ కారులోనే వస్తారా?" దీనికి మాత్రం నిజమే చెప్తారు. "మూడు సీట్లు, పెద్దోడికి పరీక్షలు" అని లోపలి సంగతులతో సహా వస్తాయి. రెండోది ఆడవాళ్ళకి: "గాజుల సైజు ఎంత?" రెండు నాలుగా, రెండు ఆరా, రెండు ఎనిమిదా అని చెప్పినావిడ వస్తున్నట్టే. "నాకెందుకులే గాజులు" అన్నావిడ రాదు. ఈ రెండు జవాబులు పక్కపక్కన వేసుకుంటే డెబ్భై నుంచి ఎనభై మంది తేలారు. ఎనభై ఐదుకి వండమన్నాం. బస్సు ఇరవై ఆరు సీట్లది ఒకటి, మిగతావాళ్ళు సొంత బళ్ళు.

నవంబర్ 6

గాజులు తెచ్చాం. ఎరుపు, ఆకుపచ్చ మట్టిగాజులే, బంగారు పూత ఏమీ లేకుండా. రెండు ఆరు అంటే రెండు అంగుళాల మీద పదహారింట ఆరు వంతుల వ్యాసం. చెల్లి సైజు అదే, కానీ ఏడో నెలలో చేతులు నీరు పడతాయి కాబట్టి రెండు ఎనిమిది తీసుకున్నాం. తొడిగేటప్పుడు చిట్లితే అందరి మొహాలూ మాడతాయి, వదులైనా నష్టం లేదు. పంచడానికి మూడు సైజులు, సైజుకో రంగు దారం కట్టి వేరే వేరే డబ్బాల్లో.

డాక్టర్‌ని అడిగాం. కారులో వెళ్ళొచ్చు, నడుముకి దిండు పెట్టుకోవాలి, మధ్యలో ఒకసారి దిగి నడవాలి, నీళ్ళు తాగుతుండాలి అన్నారు. వండినవి రెండు గంటలకి మించి బయట ఉంచకూడదు కాబట్టి వంట తోటలోనే, పెరుగు మాత్రం ఐస్ పెట్టెలో.

డల్లాస్‌లో ఉన్న అన్నయ్యకి టైము మళ్ళీ పంపాను. వాళ్ళకి నవంబర్ 2న గడియారాలు గంట వెనక్కి జరిగాయి. వేడుక చూడాలంటే శనివారం రాత్రి పదకొండు దాటాక వాళ్ళు మేలుకుని ఉండాలి, పదకొండూ పదికి గాజులు మొదలవుతాయి. "ఆదివారం 10:40" అని మాత్రమే రాస్తే వాడు ఆదివారం పొద్దున లేచి ఫోన్ చేస్తాడు, మేమప్పటికి నిద్రపోతుంటాం. వీడియో కాల్ గేటు దగ్గర సిగ్నల్ ఉన్నచోటు నుంచే, అందుకని గాజుల చోటుని గేటు వైపు రెండు చెట్లు ముందుకి జరిపాం. నీడ అక్కడా ఉంది, గూళ్ళు లేవు, చూశాను.

నవంబర్ 8

శుక్రవారం తంతు వాళ్ళింట్లో చక్కగా జరిగింది. ఇవాళ పొద్దున అమరావతి వాతావరణ కేంద్రం బులెటిన్ చూసి, బాబాయికి ఫోన్ చేసి, నేల గట్టిపడిందని తెలుసుకుని, ఒంటిగంటకి మెసేజ్ పెట్టాం: "తోటలోనే. బస్సు 8:30. గొడుగు అక్కర్లేదు, టోపీ తెచ్చుకోండి." చెప్పిన టైముకి చెప్పడం చాలా ముఖ్యం. పది నిమిషాలు ఆలస్యమైతే యాభై ఫోన్లు వచ్చేవి. సాయంత్రం అమ్మ మళ్ళీ ముఖ్యమైన వాళ్ళకి ఫోన్ చేసింది. ఇది మూడో పిలుపు, కార్డు, బొట్టు, ఫోన్. ఎక్కువే. అయినా అలాగే చేయాలి.

నవంబర్ 10

వచ్చినవాళ్ళు డెబ్భై ఎనిమిది మంది. బస్సు తొమ్మిదికి కదిలింది, 8:30 అని రాసింది అందుకే. మామ్మగారు అందరికంటే ముందు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. పెద్దమ్మ మొదటి గాజు తొడిగింది, అత్తగారు రెండోది. చెల్లి స్నేహితురాలు భోజనాల వేళకి వచ్చింది, గాజుల దగ్గర కూర్చోలేదు, రెండు బంతులకి బూరెలు వడ్డించి వెళ్ళింది. ముగ్గురు మడమ చెప్పులతో వచ్చారు, మెసేజ్ చదవలేదట.

కంద బచ్చలి మిగల్లేదు, దప్పళం మిగిలింది. రాలేకపోయిన ఇళ్ళకి చలిమిడి, తాంబూలం పొద్దున పంపించాం. టెంట్ హౌస్‌కి బాకీ ఉంది. రెండు ఎనిమిది సైజు గాజులు ఒక డబ్బా మిగిలాయి, మార్చుకోవచ్చో లేదో కొట్టులో అడగాలి. పిన్ని స్టీలు గంగాళం ఎవరి కారులోనో వెళ్ళిపోయింది, ఇంకా దొరకలేదు.